శెనక్కాయ నూనె తాగిన డ్రమ్ము కర్రలు

పెనుకొండలో ఒక పెళ్లిలో, మూడు వందల మంది చూస్తుండగా, రెండు కర్రలతో నేను చేసిన ఘనకార్యం గురించి చెబుతాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నా పరువుకు తగిలినవి మాత్రం ఇప్పటికీ వాన పడితే సలుపుతాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. హిందూపురంలో మాది నూనె అంగడి. నాయన ముందు కూర్చుని వ్యాపారం చూసుకుంటుంటే నేను వెనక డబ్బాలు వాయిస్తుండేవాణ్ణి. ఖాళీ డబ్బాది ఒక మోత, సగం నిండినదానిది ఒక మోత. వచ్చినవాళ్లు ఎవరైనా "మీవోడు బాగా వాయిస్తాడే" అంటే నాయన ముఖం సొట్టపడ్డ డబ్బాలా అయిపోయేది. నాకు మాత్రం నా మీద గట్టి నమ్మకం. ఏమీ నేర్చుకోకముందే అంత ఉంటే, ఆరు నెలలు నేర్చుకున్నాక ఎంత పెరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేర్పినాయన మంజన్న. పెళ్లిళ్లలో పాటలు పాడే ఆర్కెస్ట్రా నడుపుతూ, తానే కీబోర్డు వాయించేవాడు. ఆయన దగ్గరున్న డ్రమ్మరు బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆ స్థానానికి నన్ను అడగడానికి ఇంటికి వచ్చాడు.

మొదట వాయించాల్సింది పెనుకొండ పెళ్లిలో. నాయన ఒక షరతు పెట్టాడు. "పెనుకొండ పెండ్లికి నన్నూ పిలిచినారు. పెండ్లికూతురి నాయన మనకు పాత గిరాకీ. ముందర వరసలో కూర్చొని ఎట్ల వాయిస్తాడో ఇంటా. బాగుంటే ఆదివారాలు వాయించుకోనీ. బాగలేదంటే ఆ కట్టెలు మళ్లా ముట్టేది లేదు."

"సరే నాయనా" అన్నాను, అప్పుడే గెలిచేసినవాడిలా.

మంజన్న నన్ను పక్కకు పిలిచాడు. "రమేశా, కొత్త కర్రలు కొనుక్కో. రెండింటినీ గాజు పలక మీద దొర్లించు. ఎగిరెగిరి దొర్లిందంటే వంకర ఉన్నట్లు. నేల మీద ఒకోదాన్నే తట్టు. రెండూ ఒకే మాదిరి పలకాల. బరువూ సమానంగా ఉండాల. కొన్నాక ఎండలో పెట్టద్దు, తడి తగలనీయద్దు, పొడిగుడ్డతో తుడుచుకో. అంతే."

అంతే అనడానికి అంతసేపు పట్టింది ఆయనకు. కర్రలు కొనడానికి ఇంత తతంగమేమిటని నాలో నేను నవ్వుకున్నాను.

ధర్మవరంలో వాద్యాల అంగడి ఉందంటే రైలెక్కి వెళ్లాను. అంగడాయన పది జతలు ముందర పరిచాడు. తొమ్మిది జతలు వెలిసిపోయిన రంగులో బీదగా ఉన్నాయి. పదోది మాత్రం ఎర్రగా, లావుగా, మెరుస్తూ, పెళ్లికొడుకులా ఉంది. ఫోటోలో అదెలా పడుతుందో నా కళ్ల ముందు కనిపించింది.

"దొర్లించి చూసుకోప్పా" అన్నాడు అంగడాయన.

"అవసరం లేదు. నా చేతికే తెలుస్తాది."

"అది అందరూ వద్దని పెట్టిపోయిన జత."

"అందరూ డ్రమ్మర్లు కాదు కదా" అన్నాను. ఆయన జతను కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ముఖంలో కనిపించింది జాలి.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఇంత అందమైన కర్రలను పొడిగుడ్డతో తుడిచి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. మా వీధిలో క్రికెట్ ఆడేవాళ్లు బ్యాటుకు నూనె పట్టిస్తారు. బ్యాటూ కట్టే, ఇదీ కట్టే. పైగా నేను నూనె అంగడివాణ్ణి. గానుగ నుంచి అప్పుడే వచ్చిన శెనక్కాయ నూనె ఒక గిన్నెలో పోసి, నాలుగు రోజులు పగలు ఎండలో పెట్టి, సాయంత్రం నూనెలో నానబెట్టాను.

అవ్వ చూసింది. "ఏందిరా, కట్టెలకు తలంటు పోస్తాండావా?"

"బలం అవ్వా. గట్టిపడతాయి."

"మీ తాతకు కూడా నేనింత నూనె పెట్టలేదు" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

పెళ్లినాడు పొద్దున పదకొండుకు తలంబ్రాలు ముగిశాయి, మేము వేదిక మీదికెక్కాం. కర్రలను బాగా తుడిచాను, పైకి పొడిగానే ఉన్నాయి. ముందు వరసలో నాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి పాట మెల్లది, హాయిగా సాగింది. నాయన తల కొంచెం ఊగింది కూడా. ఒట్టు, చూశాను.

రెండోది హుషారైన పాట. ఎండాకాలం, చిన్న హాలు, చేతులకు చెమట. చెమట తగలగానే కర్రలు నాలుగు రోజులుగా తాగిందంతా కక్కడం మొదలుపెట్టాయి. కుడిచేతిలో కర్ర కాదు, బతికున్న చేప ఉన్నట్టుంది. గట్టిగా పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నకొద్దీ ముందుకు జారింది. ఒక గట్టి దెబ్బకు అది గాయని చెవి పక్కనుంచి వెళ్లి, భోజనాల వైపు రసం బకెట్ తీసుకుపోతున్నాయన బకెట్‌లో పడింది.

ఆయన బకెట్‌లోకి చూశాడు. తర్వాత హాలు పైకప్పు వైపు చూశాడు.

నేను ఆగలేదు. ఎడమచేత్తోనే వాయించాను, అదేదో ప్రత్యేకమైన పద్ధతి అన్నట్టు చిరునవ్వు కూడా నవ్వాను. మంజన్న కీబోర్డు మీదనుంచి కళ్లతోనే "ఏమబ్బా ఇది" అని అడిగాడు. జవాబు ఇచ్చేలోపు రెండోదీ ఎగిరింది. గాలిలో రెండు చుట్లు తిరిగి నేరుగా నాయన ఒడిలో పడింది.

పాట ఆగిపోయింది. నాయన కర్రను తీసి అటూ ఇటూ తిప్పాడు. వేళ్లు రుద్దుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు నూనె అమ్మినాయన. పక్కాయనతో చెప్పిన మాట వేదిక మీదికి స్పష్టంగా వినిపించింది.

"మన అంగడి సరుకే."

జనం నవ్వుతున్నారు. పెళ్లివాళ్ల ముందు మంజన్న పేరు పోతుంది, నా ఆదివారాలు పోతాయి. అప్పుడు వంటల పెద్దావిడ రెండు చపాతీ కర్రలు పట్టుకుని గబగబా వేదిక పక్కకు వచ్చింది. "రసంలో పడింది నీదేనా? ఇవి తీసుకో నాయనా, మళ్లా బకెట్లోకి ఇసరొద్దు."

అవి పిండితో తెల్లగా ఉన్నాయి. చేతికి అతుక్కుపోయాయి. మంజన్న తన డ్రమ్ముల గతి ఏమవుతుందోనని కళ్లు మూసుకున్నాడు. పాట మళ్లీ మొదలైంది, నేను వాయించాను. కొట్టిన ప్రతి దెబ్బకూ పిండి పొగలా లేచింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో తెల్లటి మేఘాలు. పిల్లలు ముందుకు పరుగెత్తుకొచ్చారు, పెళ్లికొడుకు ఫోను తీశాడు. పాట ముగిసేసరికి నేను తల నుంచి కాళ్ల దాకా వడియాల పిండిలో దొర్లినట్టున్నాను. చప్పట్లు మాత్రం ఆగలేదు.

పెళ్లికూతురి తండ్రి నాయన దగ్గరికి వచ్చాడు. "ఆ పొగొచ్చే డ్రమ్ములు శానా బాగుండాయి. బెంగళూరు నుంచి తెప్పిచ్చినారా?"

"లేదప్పా" అన్నాడు నాయన, ముఖంలో ఒక్క కండరం కదలకుండా. "ఈడనే తయారు."

తిరుగు బస్సులో సోమందేపల్లి దాటాక ఆయన ఆ కర్రను చేతిలో తిప్పుతూ అన్నాడు, "వాళ్లకు నచ్చింది. మాటిచ్చినా కాబట్టి వాయించుకో."

"ఆ కర్ర ఇటియ్యి నాయనా."

"ఇది నాకు కావాల."

"ఎందుకు?"

"పావు లీటరన్నా తాగుంటాది. ఇంటికి పోయినాక పిండుకుంటా."

అందువల్ల, ముఖాన ఇంకా పిండి ఉండగానే, ఆ బస్సులో రెండు చేతులూ జోడించి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: దొర్లించి చూడనిదే ఏ కర్రా కొనను, పొడిగుడ్డ తప్ప దేన్నీ దానికి తాకించను, బతికినన్నాళ్లూ, ఎంత బలహీనంగా కనిపించినా, కట్టె అన్నదానికి ఒక్క చుక్క నూనె పట్టించను. పద్నాలుగేళ్లయింది. మా ఇంటి తలుపులన్నీ కిర్రుమంటున్నాయి.