కరంబోలియాకి కెప్టెన్ కావలెను

మా యలమందకి ఒక్కటే పిచ్చి. లేని దేశానికి ఫుట్‌బాల్ జట్టుని ఎంపిక చేస్తుంటాడు. మిగతా అన్ని విషయాల్లోనూ మనిషి నిక్షేపంలా ఉంటాడు. కరెంటు బిల్లు గడువుకి ముందే కడతాడు. మిరపనారు ఎవరి దగ్గర కొంటే మోసం ఉండదో సరిగ్గా చెబుతాడు. పెళ్ళిలో రెండోసారి స్వీటు అడగడు. కానీ శనివారం దగ్గర పడిందంటే చాలు, తెల్లచొక్కా తొడుక్కుని, జేబులో విజిల్ వేసుకుని ఎవరో ఒకరి గుమ్మంలో నిలబడతాడు. నిన్నటిదాకా "ఏరా" అని పిలిచినవాణ్ణి కూడా గౌరవంగా చూసి, "మీరు సెలక్ట్ అయ్యారు" అంటాడు.

దేనికని అడిగితే, "కరంబోలియా జాతీయ జట్టుకి" అంటాడు. అలా అనేటప్పుడు చిన్న నవ్వు కూడా నవ్వడు.

ఆ దేశం నా కళ్ళముందే పుట్టింది. గుంటూరు కాన్వెంటులో మేమిద్దరం ఒకే బెంచీ. సిస్టర్ బెర్నడెట్ ఒకరోజు దక్షిణ అమెరికా మ్యాపు ఇచ్చి దేశాల పేర్లు రాయమంది. యలమందకి తెలిసినవి మూడే. మిగిలిన ఖాళీని చూసి వాడికి జాలేసింది. మధ్యలో పెద్ద అక్షరాలతో కరంబోలియా అని రాసేశాడు. సిస్టర్ స్కేలు తీసుకుని వచ్చి దాని రాజధాని ఏమిటని ఇంగ్లీషులో అడిగింది.

"రాజధాని గుర్తులేదు సిస్టర్. కానీ వాళ్ళకి ఫుట్‌బాల్ టీముంది."

"బాగా ఆడతారా?"

"ఆడరు సిస్టర్. ఇంతవరకూ ఒక్క మ్యాచీ గెలవలేదు."

లేని దేశాన్ని సృష్టించినవాడు దాన్ని ప్రపంచ విజేతని చేసుకోకుండా ఎందుకు ఓడిస్తున్నాడో సిస్టర్‌కి అర్థం కాలేదు. ఆ ఆలోచనలో పడి కొట్టడం మర్చిపోయింది. కొట్టాల్సిన దెబ్బలు తర్వాత గుర్తొచ్చి నాకు కొట్టింది.

పెద్దయ్యాక యలమంద కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలకి సూపర్‌వైజరుగా చేరాడు. రిటైరయ్యి మార్టూరు పక్కనున్న మా ఊరికి వచ్చాక మళ్ళీ ఈ దేశాన్ని బయటికి తీశాడు. అన్నేళ్ళు చలిలో ఉండటంవల్ల మెదడు కాస్త గడ్డకట్టిందని, ఎండలు ముదిరితే అదే కరుగుతుందని ఊళ్ళో అనుకున్నారు. ఎండలు ముదిరాయి. జట్టు ఇంకా పెద్దదయింది.

ఆట జరిగేది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వెనకున్న ఖాళీ స్థలంలో. రాళ్ళు కోసిన పొడి పడిపడి ఆ నేల సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. మా బంతి కూడా తెల్లదే కావడంతో మొదటి మ్యాచిలో సగంసేపు బంతి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. యలమంద మిల్లు నుంచి మిరప్పొడి తెప్పించి, నూనెలో కలిపి బంతికి పూశాడు. బంతి కనబడింది. కానీ దాన్ని తలతో కొట్టిన ప్రతివాడూ బావురుమన్నాడు. అవతలి జట్టువాళ్ళు మేం ఓడిపోయినందుకు ఏడుస్తున్నామనుకుని, పాపం, వచ్చి ఓదార్చారు. ఓదార్చినవాళ్ళూ ఏడ్చారు.

అవతలి జట్టంటే ఆ యూనిట్లో పనిచేసే ఒడిశా కుర్రాళ్ళు. యలమంద వాళ్ళకీ దేశాలు పంచాడు. ఒక వారం బ్రెజిల్, ఇంకో వారం జర్మనీ. ఏ దేశమైనా మమ్మల్ని చిత్తుగా ఓడించడం మామూలే.

మా గోల్‌కీపరు గౌస్ బాషా సంగతి చెప్పాలి. ఆయన పుట్టినప్పటినుంచీ రాళ్ళ లారీలకి క్లీనరు. లారీ వెనక నిలబడి డ్రైవరుకి దారి చూపించడంలో జిల్లాలో ఆయన తర్వాతే ఎవరైనా. ఓనరు లారీలన్నిటికీ రివర్స్ కెమెరాలు పెట్టించి, ఇక రావద్దన్నాడు. మర్నాడు యలమంద ఆయన గుమ్మంలో నిలబడి సెలక్ట్ అయ్యారన్నాడు. చిక్కేమిటంటే, ఏదైనా తనవైపు వస్తుంటే గౌస్ బాషా చెయ్యి దానంతటదే లేచిపోతుంది. బంతి వస్తుంటే గోలు ముందు నిలబడి "రానీ, రానీ, కొద్దిగా లెఫ్టు, రానీ" అంటూ దాన్ని లోపలికి పంపించి, "చాలు" అంటాడు. గోలుకీపరుని మార్చమని నేను చాలాసార్లు పోరాను. బంతిని అంత జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్ళే మనిషి ఏ దేశానికీ లేడని యలమంద జవాబు.

రెబ్కా టీచరుగారు పాడితే మైకు అక్కర్లేదు. క్రిస్మస్‌కి ఆమె ఒక్కగొంతులో మిగతా పాతికమంది గొంతులూ మునిగిపోతున్నాయని చర్చి పాటల బృందంలోంచి తప్పించారు. ఆ వారమే ఆమె జాతీయ గీతానికి సెలక్టయింది. గీతానికి మాటలు లేవు, రాగమే. ఆమె ఎత్తుకుంటే పక్క పత్తిచేలో కొంగలు లేచి కనిగిరి దాకా వెళ్ళి గాని వాలవు.

నన్ను రైట్ వింగ్‌లో ఆడిస్తున్నాడు. మోకాలి ఆపరేషనయ్యాక డాక్టరు నన్ను పరిగెత్తొద్దన్నాడు. నేను అదే చెప్పాను. మా దేశంలో కుర్చీకి అనుమతి ఉందన్నాడు యలమంద. అప్పటినుంచి మైదానం కుడివైపున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆడుతున్నాను. బంతి దగ్గరికొస్తే తంతాను. రాకపోతే టీ తాగుతాను. జట్టులో పదకొండుమందే ఉండాలి కదా అని ఒకసారి అడిగితే, ఆ రూలు మ్యాపులో ఉన్న దేశాలకేనన్నాడు.

ఈ వ్యవహారమంటే గిట్టనివాడు ఊళ్ళో ఒక్కడే, వెంకటనారాయణ. పదెకరాల పత్తి, ఐదెకరాల మిరప, వీటికి మించి బోలెడన్ని అభిప్రాయాలు ఉన్న మనిషి. మాకు చిన్ననాటి స్నేహితుడే. లేని దేశానికి ఆడేవాళ్ళు ఉన్న ఊరికి ఏం పనికొస్తారని టీకొట్టు దగ్గర మమ్మల్ని దులిపేసేవాడు. ఊరికి పనికొచ్చేదెలాగో చూపిస్తానని మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడ్డాడు. లెక్కింపు రోజున మిరపకోతలు ముమ్మరంగా ఉండి, ఏజెంటుగా కూర్చోడానికి ఖాళీ ఉన్నవాడు యలమంద తప్ప ఎవరూ దొరకలేదు.

వెంకటనారాయణ ఇంట్లో ఓట్లు ఆరు. వచ్చినవి నాలుగు.

వార్డు వెయ్యకపోతే పోనీ, వార్డంటే పరాయివాళ్ళు. ఇంట్లో ఆ ఇద్దరూ ఎవరు? ఊరు ఊరంతా ఇదే లెక్కలో పడింది. వెంకటనారాయణ ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాడు. తల్లి రత్తమ్మగారు ఒట్టేసి నీకే వేశానంది. భార్య సుబ్బరావమ్మ కళ్ళనీళ్ళతో మీకే వేశానంది. కూతురూ అదే మాట. కొడుకు కొత్త ట్రాక్టరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. చివరికి అనుమానమంతా కోడలు తేజశ్రీ మీదికి వెళ్ళింది. గెలిచినతను ఆ అమ్మాయికి దూరపు వరసకి బాబాయి అవుతాడు మరి.

నోటితో ఏమీ అనలేదు గానీ, కోడలు వండింది తినడం మానేశాడు. మూడు పూటలూ హైవే పక్కన ఇడ్లీ బండి దగ్గరే. ఆ అమ్మాయి కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత కనిగిరిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. ఆదివారం వచ్చి తీసుకెళతానని ఆయన చెప్పాడు. వెళితే మళ్ళీ ఈ గడప తొక్కనని తేజశ్రీ అందట. కొడుకు ట్రాక్టరు దగ్గరే పడుకుంటున్నాడట.

యలమంద వెళ్ళి వెంకటనారాయణతో నిదానంగా మాట్లాడాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఒరేయ్, లెక్కింపులో చెల్లని ఓట్లు కూడా వచ్చాయిరా. నేను చూశాను."

"చెల్లని ఓటు వేసేవాళ్ళు మా ఇంట్లో లేరు. మా ఆవిడ టెన్త్ పాసు. మా అమ్మ ఈ ఊళ్ళో ఓట్లు పెట్టిన దగ్గర్నుంచీ వేస్తోంది. నువ్వెళ్ళి నీ దేశం చూసుకో."

శుక్రవారం పొద్దున యలమంద తెల్లచొక్కా వేసుకుని ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరు సెలక్ట్ అయ్యారు."

"ఏరా, ఎగతాళిగా ఉందా?"

"కెప్టెన్ పదవికి రేపు ఎన్నిక. నలుగురు పోటీ, అందులో మీరొకరు. కెప్టెన్ని పౌరులే ఎన్నుకోవాలి. మీ ఇంట్లో ఆరుగురికీ పౌరసత్వం ఇచ్చాను. ఆటగాళ్ళకి ఓటు లేదు, మీకు మాత్రం మినహాయింపు."

తిట్టడానికి నోరు తెరిచిన వెంకటనారాయణ ఆగాడు. మళ్ళీ ఓటింగు. అదీ తన ఇంటివాళ్ళ మధ్యే. దొంగ దొరికినట్టే.

"లెక్కింపు ఎక్కడ?"

"మీ కళ్ళముందే."

"వస్తాం" అన్నాడు. కోడలు కూడా రావాలని లోపలికి వినబడేలా గట్టిగా చెప్పాడు. దొంగెవరో నలుగురిలో తేలాలని ఆ అమ్మాయి కూడా అంతే గట్టిగా సరేనంది.

శనివారం సాయంత్రం గోలు కర్రలకి దుప్పటి కట్టి బూత్ చేశాడు యలమంద. బ్యాలెట్ పేపరు ఇంచుమించు పంచాయతీది ఎలా ఉంటుందో అలాగే గీశాడు. వెంకటనారాయణ పేరు, నా పేరు, గౌస్ బాషా పేరు, రెబ్కా టీచరుగారి పేరు. పక్కన గుర్తులు. ముద్రకి బెండకాయ అడ్డంగా కోసి నీలం సిరాలో ముంచాడు. గౌస్ బాషా ఓటర్లని "రానీ, రానీ" అంటూ వరసలోకి తెచ్చి నిలబెట్టాడు. జాతీయ గీతం అయింది. కొంగలు వెళ్ళిపోయాయి.

వెంకటనారాయణ దుప్పటి మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. తేజశ్రీ వెళ్ళి క్షణంలో వచ్చేసింది. అది మరీ అనుమానంగా తోచింది ఆయనకి. రత్తమ్మగారికి చాలాసేపు పట్టింది. సుబ్బరావమ్మ వెళ్ళాక, ఎందుకోగాని, ఆమె చెయ్యి కాగితంతో సహా దుప్పటి పైకి లేచి, ఎండలో కాసేపు అటూ ఇటూ కదిలి, మళ్ళీ కిందికి దిగిపోయింది.

అందరూ వేశాక యలమంద డబ్బా వంచి ఒక్కొక్క కాగితమే విప్పాడు. మొదటిది వెంకటనారాయణకి. రెండోదీ ఆయనకే. మూడోది, నాలుగోది కూడా. ఐదో కాగితం విప్పి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. నలుగురి పేర్ల మీదా నాలుగు బెండకాయ పువ్వులు.

"ఇది చెల్లదు" అన్నాడు.

రత్తమ్మగారు నా కుర్చీలోంచి లేచింది. "ఎందుకు చెల్లదు నాయనా? నలుగురూ మనవాళ్ళేగా. ఒకరికి వేసి ఒకరికి మానేస్తే రేపు మొహాలు ఎట్టా చూసుకుంటాం?"

వెంకటనారాయణ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, మొన్న కూడా ఇట్టాగే వేశావా?"

"మొన్నయినా అంతే. నీకు మాత్రం గట్టిగా నొక్కాను."

ఆరో కాగితం ముందువైపు ఖాళీ. యలమంద తిప్పాడు. వెనకవైపు ఒకే ఒక్క పువ్వు ఉంది. ఎండకి ఎత్తి పట్టుకుంటే, అది వెంకటనారాయణ పేరు వెనక, వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది.

సుబ్బరావమ్మ నేల చూపులు చూస్తూ యలమందతో అంది. "ఆయన పేరు మీద గుద్దడానికి చెయ్యి రాలేదు అన్నయ్యగారూ. అందుకని వెనకనుంచి వేశాను. వెలుతురుకి పట్టుకుని చూసుకునే వేశాను. మొన్నా పక్కకి పోలేదు, ఇవాళా పోలేదు."

లెక్కింపు రోజున యలమంద కళ్ళారా చూసిన కాగితాలు ఇలాంటివే. ఎవరివో ఊహించాడు గానీ, చెబితే వినే మనిషి కాదు ఎదుటివాడు. ఆడవాళ్ళిద్దరినీ నిలదీసి ఒప్పించడం యలమందకి ఇష్టం లేదు. అందుకని ఇంత చిన్న పనికి ఒక దేశాన్ని మొత్తం వాడుకున్నాడు. అప్పుడు నేను మా జట్టుని ఒకసారి చూశాను. లారీ ఓనరు వద్దన్నవాడు, చర్చి బృందం తప్పించిన ఆవిడ, డాక్టరు కూర్చోబెట్టిన నేను. ఎక్కడో ఒకచోట పేరు కొట్టేయించుకున్నవాళ్ళమే తప్ప ఇందులో వేరేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ నా ఆట చూసి తీసుకున్నాడనుకున్నాను.

వెంకటనారాయణకి క్షమించమని అడగడం చేతకాదు. అది వాళ్ళ వంశంలోనే లేదు. చాలాసేపు కండువా సర్దుకుని, చివరికి కోడలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, పొద్దున ఏం చేశావు?"

"గోంగూర పప్పు, మావయ్యగారూ."

"మిగిలిందా?"

"మీ వాటా రోజూ మిగులుతూనే ఉంది."

"అయితే మీ నాన్నని రేపు భోజనానికే రమ్మను" అన్నాడు. తేజశ్రీ అప్పటికప్పుడే ఫోన్ తీసి, చీరకొంగుతో ముక్కు తుడుచుకుంటూ పక్కకి వెళ్ళింది. మిరప్పొడి గాలి అని చెప్పింది. బంతి ఇంకా సంచిలోనే ఉంది.

ఈలోగా బ్రెజిల్ డ్యూటీ దిగి వచ్చింది. యలమంద విజిల్ ఊది ఫలితం ప్రకటించాడు. కరంబోలియా కెప్టెన్ రత్తమ్మగారు. ఆవిడ పోటీలోనే లేదని నేను అభ్యంతరం చెప్పాను.

"జట్టులో అందరికీ బంతి అందించే మనిషి ఒక్కరుండాలిరా. ఇవాళే దొరికారు" అన్నాడు.

నాలుగు ఓట్లతో గెలిచిన వెంకటనారాయణే తల్లి చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి తీసుకెళ్ళాడు. ఆవిడ చెప్పులు పక్కన విప్పి, ఎర్రటి బంతినీ, ఎదురుగా నిలబడ్డ కుర్రాళ్ళనీ కాసేపు చూసి, యలమందని దగ్గరికి పిలిచింది.

"నాయనా, వాళ్ళు కూడా పొద్దుటినుంచీ రాళ్ళు మోసి వచ్చినట్టున్నారు. అవతలివాళ్ళకి కూడా ఒకసారి ఇస్తే తప్పా?"

"తప్పేం లేదమ్మా" అన్నాడు యలమంద. "ఇన్నాళ్ళూ మేం చేస్తున్నది అదే."