బానెట్ నొక్కే అల్లుడు

మామగారి షెడ్డు వదిలేసి కంపెనీ గ్యారేజీలో చేరతానని మెకానిక్ అల్లుడు ఆ ఉదయమే తెగించి చెప్పాడు. ఇంటిల్లిపాదీ ఒకచోట పనిచేయడం వరమనేవాళ్ళు ఆ షెడ్డులో ఒక్క పూట గడిపి చూడాలి. మామగారు వెళ్ళి బానెట్ బిగుసుకుపోయిన కారులో కూర్చుని లీవరు పట్టుకున్నారు.

"నొక్కవయ్యా."

లోపలి కొక్కెం తుప్పుపట్టింది. ఒకరు లీవరు లాగుతుండగా ఇంకొకరు బానెట్‌ను పైనుంచి నొక్కితేనే వదులుతుంది. అల్లుడు నొక్కాడు. బానెట్ లేచింది.

"రేపట్నుంచి ఎవరు నొక్కుతారు, మీ అత్తా?"

"ఎవరినైనా పనికి పెట్టుకోండి మామయ్యా."

"పెట్టుకున్నాగా, పిల్లనిచ్చి మరీ."

పక్కనే నిలబడి చూస్తున్న కారు యజమాని పకపకా నవ్వాడు. అల్లుడు కూడా నవ్వాల్సివచ్చింది. తర్వాత కొక్కేనికి గ్రీజు రాస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం రమ్మన్న గ్యారేజీకి వెళ్ళలేదు.