బల్ల మీది కాగితం

ఆ కోటు కుట్టింది నేనే. నేను పనిచేసే ఇంటి మదామ్ పాత నల్ల అబాయా ఒకటి మోకాళ్ళ దాకా కత్తిరించి, ముందు రెండు వరసల బొత్తాలు పెట్టాను. నల్ల ఉన్నితో గడ్డం కూడా తయారుచేశాను. ఇంటి పెద్దపిల్ల బడిలో ఏదో కార్యక్రమం. ఒక్కొక్కరూ చరిత్రలోని ఒక మనిషి వేషం వేసుకొచ్చి ఆయన కథ చెప్పాలి. ఈ పిల్లకు పడిన చీటీలో ఎప్పటిదో ఒక అమెరికా నాయకుడు వచ్చాడు.

అల్ ఖోబర్‌లో ఆ అరబ్బుల ఇంట్లో పనికి కుదిరి అప్పటికి ఆరేళ్ళు. పిల్లకు పదమూడు. నాకు వంటింటి అరబ్బీ నేర్పింది తనే, కాబట్టి నేను తప్పు మాట్లాడితే నవ్వే హక్కు తనదే అనుకుంటుంది. కొలతలు తీసేటప్పుడు నిలబడమంటే ఒకచోట నిలబడేది కాదు. అందుకని ఆయన కథ చెప్పమనేదాన్ని. చెబుతున్నంతసేపూ కాళ్ళు కుదురుగా ఉండేవి.

పేద రైతు కొడుకట. చదువుకుని వకీలయ్యాడు, ఓట్లలో గెలిచి పెద్ద సభకు వెళ్ళాడు. బానిసల్ని విడిచిపెట్టమని అక్కడ లేచి మాట్లాడాడు. తోటివాళ్ళు అందరి ముందూ తప్పుబడితే పదవి వాళ్ళ మొహాన కొట్టి ఇంటికెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు మళ్ళీ ఆయన్నే గెలిపించి పంపారు. ఆ మాట విన్నప్పుడు భలే సంతోషం వేసింది. ముసలితనంలో ఆయన్ను దేశం తరఫు రాయబారిగా పక్క దేశానికి పంపారు. ఒకటే మంచు. అక్కడే పోయాడు.

"మళ్ళీ ఇంటికి రాలేదా?" అన్నాను.

"శవమై వచ్చాడు" అంది పిల్ల, గడ్డం సర్దుకుంటూ.

నా మనసంతా అప్పుడు ఇంటి మీదే ఉంది. కడప దగ్గర పల్లెలో నా కూతురికి ఏడో నెల. మొదటి కడుపు అయిదో నెలలోనే పోయింది. అప్పుడు నేను ఇక్కడ ఎవరికో అన్నం వారుస్తున్నాను. ఈసారి కాళ్ళకు నీరు, బీపీ. ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి లేడు. అల్లుడు నెలలో సగం లారీ మీదే ఉంటాడు, వాళ్ళత్తకు కళ్ళు సరిగా కనబడవు. ఎనిమిదో నెల వచ్చేసరికి పక్కన ఉంటానని మాటిచ్చాను.

"మా, నువ్వు వస్తాండావా లేదా? ఒక్క మాట చెప్పు" అంది ఫోన్లో.

"వస్తాండా. కాగితం ఇచ్చినా" అన్నాను.

ఆ కాగితం సంగతి ఇది. సెలవు మీద ఇంటికి పోవాలంటే కఫీల్, అంటే ఈ ఇంటి యజమాని, ఖురూజ్ వేయాలి, దేశం దాటడానికి అనుమతి. ఇప్పుడది ఆయన ఫోన్లో ఒక్క నొక్కు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉన్నా ఆ నొక్కు మాత్రం ఆయన వేలి కింద ఉంది. అడిగితే "నాకు మతిమరుపు, రాసివ్వు" అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు. దాన్ని కూడా మంచితనంగా చెప్పుకోవలసి రావడమే నాకు ఒళ్ళుమంట. పాకిస్తానీ డ్రైవర్‌తో అరబ్బీలో రాయించి, మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గదిలో, ఆయన బల్ల మీద పెట్టాను.

పది రోజులు అది అక్కడే ఉంది. రోజూ ఎత్తి, దుమ్ము తుడిచి, ఉన్నచోటే పెట్టేదాన్ని. చదివి ఆలోచిస్తున్నాడనుకున్నాను. గురువారం సాయంత్రం చుట్టాలొచ్చారు. చుట్టాలొస్తే బల్ల మీద ఒక్క కాగితం ఉండకూడదని మదామ్ నియమం. కరెంటు బిల్లు, పెళ్ళి పిలుపు, నా కాగితం, అన్నీ దొంతిగా సర్ది సొరుగులో పెట్టి, బల్ల మీద ఖర్జూరాల పళ్ళెం పెట్టాను. మర్నాడు వాటిని బయటికి తీయలేదు. సర్దడానికి సొరుగు తెరిస్తే పని, ఊరికే తెరిస్తే దొంగతనం. ఆరేళ్ళలో నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్చుకున్న చదువు అది. ఆయన ఎలాగూ చదివే ఉంటాడని సరిపెట్టుకున్నాను.

వారం తర్వాత పిల్ల కోటు చివరి కొలతకు నిలబడి కొత్త ముక్క చెప్పింది. బానిసల్ని విడిపించమని జనం సభకు అర్జీల మీద అర్జీలు పంపేవాళ్ళట. సభవాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. అలాంటి అర్జీ వస్తే చదవకూడదు, దాని గురించి మాట్లాడకూడదు, బల్ల మీద పెట్టి వదిలేయాలి.

"తర్వాత బల్ల మీద నుంచి ఎవరు తీసేవాళ్ళు?" అన్నాను.

"నాకేం తెలుసు. పనివాళ్ళు అయ్యుంటారు. అది నా ప్రాజెక్టులో లేదు."

ఎవరో ఒకరు ఆ కాగితాలను దొంతిగా పేర్చి, అంచులు సమంగా తట్టి, తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి ఉంటారు. శుభ్రంగా పనిచేసే మనిషే అయ్యుంటుంది, నాలాంటిదే. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

పిల్లకు అంతా చెప్పి, కాగితం తీసి తండ్రికి ఇమ్మని అడిగాను.

"నా కార్యక్రమం అయ్యాక ఇస్తా. ఇప్పుడు బాబాకు చిరాకు పుడితే బడికి రాడు."

ఇంకా ఆరు రోజులుంది. ఆ కోటు వేసుకునే అంది ఆ మాట. లోపల తిట్టుకున్నాను గానీ, యజమాని సంతోషంగా ఉన్నప్పుడు చూసి అడగడం నా దగ్గర నేర్చుకున్న తెలివే.

కార్యక్రమం బాగా జరిగింది, బహుమతి వచ్చింది. బుధవారం ఇంటికొచ్చి, గడ్డం తీయకుండానే పిల్ల సొరుగు తెరిచి, నా కాగితం తండ్రికి చదివి వినిపించింది. మాట నిలబెట్టుకుంది, అది దాచను. ఆయన అసలు ఆ కాగితం చూడనే లేదట.

"ఇదా? మళ్ళీ ఒకసారి గుర్తుచేయకపోయావా" అని ఫోన్ తీశాడు. కప్పులో గహ్వా కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది.

టికెట్ ఆదివారానికి దొరికింది. శుక్రవారం పొద్దున కూతురికి ఫిట్స్ వచ్చాయి. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కడుపు కోసి బిడ్డను తీశారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. వారం ముందు తీసుకొచ్చుంటే దక్కేదని డాక్టరమ్మ అందట. శనివారం ఫోన్ చేస్తే కూతురే ఎత్తింది.

"ఇంగ రావద్దులే మా. వచ్చి ఏం చేస్తావు" అంది.

వెళ్ళాను. నెల రోజులు పథ్యం వండిపెట్టాను. తింది. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందని వీధిలో ఆడవాళ్ళు నా వెనక అనుకున్నారు. నిజమే కదా.

వేరే దారి లేక మళ్ళీ ఇక్కడికే వచ్చాను. పిల్ల పొడుగయింది, కోటు పట్టదు. గురువారాలు చుట్టాలు వస్తూనే ఉన్నారు. బల్ల తుడుస్తాను, ఖర్జూరాలు పెడతాను. కాగితం ఉంటే మాత్రం ముట్టుకోను. మదామ్ రెండుసార్లు కేకలేసింది, చేతికేమైందని అడిగింది.

"ఎవరి కాగితమో నాకు తెలీదు మదామ్. మీరే తీయండి" అన్నాను.