గ్రేస్ మేడం టేపు ముక్క

మొన్న టీవీ రిమోట్ పనిచేయడం లేదని మా ఆయన అందులోని సెల్లులు తీసి పిట్టగోడ మీద ఎండకు పెట్టాడు. సాయంత్రం వాటిని చేతిలోకి తీసుకున్నానో లేదో, ఆ వెచ్చదనానికి నాకు నవ్వాగలేదు. "ఒక్కదానివే గట్ల నవ్వుతున్నవేందే?" అని ఆయన అడిగితే ఏమని చెప్పను! కరీంనగర్‌లో నాకు సంగీతం నేర్పిన గ్రేస్ మేడం గుర్తొచ్చింది. సంగీతం అంటే వీణో వయొలినో అనుకునేరు. ఆమె వాయించింది ఒక కంప్యూటర్‌ని, ఒక పాత టేప్‌రికార్డర్‌ని.

తొంభైల్లో ఆమె కంప్యూటర్ సెంటర్‌లో నేను టైపింగ్ నేర్పేదాన్ని. పొద్దున్నే చొప్పదండిలో బస్సెక్కి వచ్చేసరికి ఆమె అప్పటికే ఏదో ఒక చప్పుడును పట్టుకొని కూర్చునేది. పిండి గిర్ని మోత, కండక్టర్ ఈల, కుక్కర్ కూత, ఏదైనా సరే టేపులో పట్టడం, కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ముక్కలు చేసి వెనక నుంచి ముందుకు తిప్పడం. "ఎట్లుంది రమా?" అని అడిగితే, "గిర్నికి జరమొచ్చినట్టుంది మేడం" అన్నాను ఓసారి. ఆమెకు కోపం రాలేదు సరికదా, "జరమొచ్చిన గిర్నిని ఎన్నడన్న ఇన్నవా? ఇయ్యాల ఇన్నవ్ గద!" అని పగలబడి నవ్వింది.

మేడం వాళ్ల అమ్మ రాహేలమ్మ చర్చిలో పేరున్న గాయని. గొంతుకు ఆపరేషన్ అయ్యాక పాడటం మానేసింది. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చికే రానని మొండికేసింది. "పాడలేనిదాన్ని పండుగకొచ్చి అందరి మొకాలు చూడాల్నా?" అనేది. కానీ చాటతో బియ్యం చెరిగేటప్పుడు తనకు తెలియకుండానే కూనిరాగం తీసేది. మేడం దాన్ని టేపులో పట్టింది. టేపు నుంచి జానెడు ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, ఆ రాగమే మళ్లీ మళ్లీ తిరిగేటట్టు చేసింది. చాట చప్పుడునేమో కంప్యూటర్‌లో తాళంగా మార్చింది. దాన్ని చర్చిలో వినిపిస్తానంటే, "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా బిడ్డా?" అంది రాహేలమ్మ. "ఒక్కపాలి ఇను అవ్వా. నచ్చకుంటే ఆడనే బంద్ జేస్త" అని బతిమిలాడి ఒప్పించింది మేడం. నాతో మాత్రం, "అవ్వ నడుమల లేచిపోయిందనుకో, ఇగ కూనిరాగం గూడ తియ్యది రమా" అంది.

మేడం పిసినారి కాదు కానీ, సెల్లుల దగ్గర ఆ రోజుల్లో అందరం ఒకటే. నీరసించినవాటిని ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం. ఆ రాగం రికార్డు చేసిందీ వాటితోనే, ఇంట్లో విని సరిచూసుకున్నదీ వాటితోనే. పండుగనాడు మాత్రం, దేవుడి సన్నిధి కదా అని, మేడం కొత్త సెల్లులు వేసింది! కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి రిక్షాలో చర్చికి తీసుకెళ్లాం. చాట తాళం బాగానే మొదలైంది. మేడం టేపు మీట నొక్కింది. నీరసపు సెల్లులతో టేపు మెల్లగా తిరుగుతుండగా ఎక్కిన రాగం కొత్త సెల్లులతో పరుగందుకుంది. రాహేలమ్మ బొంగురు గొంతు ఏమైపోయిందో, సన్నటి ఆడపిల్ల గొంతు పలికింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం ఆపేయడానికి చెయ్యి చాపింది.

అప్పుడే ముందు వరుసలోంచి రాహేలమ్మ లేచింది. అయిపోయింది, ఇక వెళ్లిపోతుంది అనుకున్నాను.

"ఆపకు బిడ్డా! పెండ్లి గాకముందు గిట్లనే ఉండె నా గొంతు" అంది.

ఇంకాసేపు విని, కొంగు సర్దుకుంది.

"గా పోరి ఒక్కతే పాడుతుంది. తోడు పోవద్దా?"

అని ఆ బొంగురు గొంతుతోనే రాగం అందుకుంది. నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. మేడం ఏడుస్తూ నవ్వింది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు నేనూ అలాంటి సంగీతమే చేస్తాను. "పాట ఎప్పుడు షురూ అయితది?" అని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఏదైనా శబ్దం నేను అనుకున్నట్టు రాకపోతే వేలు చెరిపేసే మీట మీదికి పోతుంది. పోతుంది కానీ నొక్కను. నాకు పాడటం రాదు. అయినా ముందు దాని పక్కన కూర్చుని, కాసేపు కూనిరాగం తీస్తాను.