అచ్చు ఆరేదాకా

మెర్ల్ కుచ్తా ముప్పై ఏళ్లు కట్టుడు పళ్లు చేశాడు. నది ఒడ్డున ఉక్కు మిల్లు మూతపడ్డాక మా ఊళ్లో పళ్లు పెట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు అదే అచ్చు పొడితో, అదే సుద్దతో మనుషుల ముఖాలకు అచ్చులు తీయడం మొదలుపెట్టాడు. అచ్చులో రబ్బరు పోసి భయం సినిమాల్లోని శవాల ముసుగులు చేసేవాడు. చర్మం కుళ్లి ఉండేది, దవడ వేలాడుతూ ఉండేది. పళ్లు మాత్రం తీరుగా ఉండేవి.

“శవానికైనా పలువరస బాగుండాలి” అనేవాడు.

ఏటా ఏప్రిల్‌లో మా ఫైర్ స్టేషన్ హాల్లో భయం సినిమాల అభిమానులు కలుస్తారు. రెండు రోజులు, నలభై బల్లలు. వంటగదిలో చర్చి ఆడవాళ్లు బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటి పిరోగీలు వేయిస్తుంటే హాలంతా ఉల్లిపాయ, వెన్న, రబ్బరు కలిసిన వాసన. మెర్ల్ బల్ల పక్కనే నా బల్ల. నేను నల్ల సిరాతో బొమ్మలు వేస్తాను. నేలమాళిగ మెట్లు, మూసిన తలుపులు. నాకు ఏడేళ్లప్పుడు మా అన్న నన్ను దుప్పట్ల పెట్టెలో పెట్టి మూత మీద కూర్చున్నాడు. వాడికది ఆట. నేను ఇప్పటికీ ఆ పెట్టెనే గీస్తున్నాను.

బల్లలు వేసేవాళ్లందరి ముఖాల అచ్చులూ మెర్ల్ తన గ్యారేజీ గోడకు తగిలించుకున్నాడు. నాది లేదు. పోయిన ఏప్రిల్‌లోనూ అడిగాడు.

“ఏమే రోండా, నీ మొహం కోసం గోడకు మేకు కూడా కొట్టేశాను. బోసిగా ఉంది.”

“టోపీ తగిలించుకో.”

“పదకొండేళ్లుగా అడుగుతున్నాను. పెళ్లికి కూడా ఇంత బతిమాలలేదు.”

అతని భార్య డొలోరెస్ ఒక ముసుగుకు జుట్టు దువ్వుతోంది. తలెత్తలేదు. “నన్నెక్కడ బతిమాలావు? మా నాన్న ట్రక్కు చూసి వచ్చావు.”

ఆ రోజు పొద్దున మెర్ల్ చేతిలోంచి కుంచె జారింది. తీసి ఇచ్చాను. మళ్లీ జారింది. అతను తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు.

“నిద్ర చాల్లేదు” అన్నాడు. “డొలోరెస్‌కి చెప్పకు. కంగారు పడుతుంది.”

డొలోరెస్ నాలుగడుగుల దూరంలో ఉంది. నేను చెప్పలేదు. వచ్చే ఏడాది అతను అడగడేమోనని భయం వేసింది. “సరే, తియ్యి నా మొహం” అన్నాను.

మధ్యాహ్నం హాలు మధ్యలో కుర్చీ వేశారు. ముసుగులు, వేషాలు వేసుకున్న జనం చుట్టూ చేరారు. మెర్ల్ నా కనుబొమలకు వాజలీన్ రాశాడు. తర్వాత అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పాడు.

“ఒకసారి నొక్కితే బాగున్నానని. రెండుసార్లు నొక్కితే తీసెయ్యమని. అచ్చు ఆరేదాకా నీ చెయ్యి వదలను. ఇల్లు కాలినా వదలను.”

“కాలితే మేమున్నాంలే” అని ఫైర్ స్టేషన్ వాళ్లెవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఇంకొకటి కూడా అందరికీ తెలుసు. అచ్చు ఆరే పది నిమిషాల్లో మెర్ల్ ఒకసారి చచ్చిపోతాడు. గుండె పట్టుకుని కూలబడతాడు, నోట్లోంచి కట్టుడు పళ్లు బయటికి తోస్తాడు, కొత్తవాళ్లు కేకలు పెడతారు. ఏటా ఉండేదే. కానీ నేల మీద పడి ఉన్నప్పుడు కూడా కుర్చీలో ఉన్నవాళ్ల చెయ్యి వదలడు. వాళ్లకు భయం వెయ్యకూడదు. భయం చూసేవాళ్లకి.

నీళ్లలో కలిపిన అచ్చు పిండి చల్లగా నుదుటి మీంచి దిగింది. కళ్లు మూసుకున్నాను. పెదాలు మూసుకున్నాయి. చెవుల్లో మాటలు దూరమయ్యాయి. తడి సుద్ద పట్టీలు ఒకదాని మీద ఒకటి బరువెక్కాయి. చివరికి నాకు మిగిలినవి రెండు ముక్కు రంధ్రాలు, ఒక చెయ్యి.

అతను నొక్కాడు. నేను నొక్కాను.

సుద్ద వేడెక్కడం మొదలైంది. పెట్టె మూత గుర్తొచ్చింది. నొక్కాను. అతను నొక్కాడు.

మళ్లీ నొక్కాను. అతని వేళ్లు ఒక్కసారిగా బరువయ్యాయి. జారిపోయాయి.

ఎక్కడో కింద కుర్చీ కాలికి ఏదో తగిలింది. జనం కేకలు, ఆ వెనకే నవ్వులు. చప్పట్లు. నేను గాలిలో చెయ్యి చాపి వెతికాను. ఏమీ లేదు. మొదట నాకోసమే భయపడ్డాను. నన్ను ఇందులో వదిలేశాడు అనుకున్నాను. ఆట మార్చాడేమో అనుకున్నాను. ఊపిరి రెండుసార్లు తీసుకున్నాను. ఇల్లు కాలినా వదలనన్నాడు.

గడ్డం కింద వేళ్లు దూర్చి అచ్చు లాగేశాను. అది మధ్యకు చీలింది.

మెర్ల్ పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. నోరు ఒకవైపు జారింది. పళ్లు బయటికి తొయ్యలేదు.

“ఇది నాటకం కాదు” అని అరిచాను. ముఖం నిండా తెల్ల పిండి కారుతోంది. చప్పట్లు పెరిగాయి. నెత్తుటి ఏప్రాన్ కట్టుకున్న ఒకతను ఫోటో తీశాడు. “ఈసారి ఇద్దరూ కలిసి చేస్తున్నారు. బాగా కుదిరింది” అన్నాడు పక్కవాడితో. ఇంకా గట్టిగా అరిచాను. ఈల వేశారు. ఆ హాల్లో అరుపుకు విలువ లేదు.

డొలోరెస్ దగ్గరికి పరిగెత్తాను. ఇంకా దువ్వుతూనే ఉంది.

“లేవమను ఆయన్ని. నేల చల్లగా ఉంది. మోకాళ్లు నొప్పులని మళ్లీ నా ప్రాణం తీస్తాడు.”

“డొలోరెస్, చెయ్యి వదిలేశాడు.”

దువ్వెన ఆగింది. ఆమె ముఖంలోంచి రంగు పోవడం చూశాను. బల్ల చుట్టూ తిరిగి రాలేదు, బల్లను తోసుకుంటూ వచ్చింది. ముసుగులన్నీ నేల మీద పడ్డాయి.

“మొహాల మీంచి అవి తియ్యండి” అంది. గట్టిగా అనలేదు. “అందరూ తియ్యండి.”

ముందువాళ్లు తీశారు. తర్వాత వెనకవాళ్లు. కింద మామూలు ముఖాలు. చెమట, తడి జుట్టు, తెరిచిన నోళ్లు. అంత భయం ఆ హాల్లో ఎన్నడూ చూడలేదు.

తలలో గొడ్డలి దిగిన వేషంతో ఉన్న డ్వైట్ ముందుకొచ్చాడు. మా ఊరి ఆంబులెన్స్ నడిపేది అతనే. బండి గోడ అవతలే ఉంది. గొడ్డలితోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“మెర్ల్, నవ్వు. నవ్వి చూపించు.”

సగం నోరే కదిలింది.

“ఎప్పుడు మొదలైంది? ఎవరికైనా తెలుసా? పక్షవాతంలా ఉంది. నిమిషాలు ముఖ్యం.”

“ఇప్పుడేగా పడ్డాడు” అన్నారు ఎవరో.

అప్పుడు చెప్పాలి. నాకొక్కదానికే తెలుసు.

“పొద్దున” అన్నాను. “కుంచె జారింది. రెండుసార్లు. తొమ్మిదింటికి.”

డొలోరెస్ నా వైపు చూసింది. నేను గీసిన మెట్లలో ఏదీ ఆ చూపంత లోతుకు దిగలేదు.

మెర్ల్ బతికాడు. మాట మెల్లగా, ముక్కలుగా వచ్చింది. కుడిచెయ్యి స్వాధీనంలోకి రాలేదు. నా చీలిన అచ్చు ఎవరు పారేశారో తెలియదు. డొలోరెస్ వేసవంతా నాతో మాట్లాడలేదు. శరదృతువులో ఫోన్ చేసింది.

“ఆ మేకు సంగతి అడుగుతున్నాడు. రోజూ అదే గోల. నేను పడలేను” అంది.

ఈ ఏప్రిల్‌లో మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను. పిండి డొలోరెస్ పూసింది. ఆమెకు అలవాటు లేదు, నా చెవిలోకి కారింది. మెర్ల్ నా రెండో పక్కకు స్టూలు జరుపుకుని ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇల్లు...” అన్నాడు. మిగతాది రాలేదు.

“తెలుసులే” అన్నాను.

కళ్లు మూసుకున్నాను. పట్టీలు బరువెక్కాయి. బయట జనం నవ్వలేదు. ఎవరూ కదల్లేదు. అందరూ అతన్నే చూస్తున్నారని చీకట్లో నాకు తెలుస్తోంది. సుద్ద వేడెక్కింది. అతని వేళ్లు కదలలేదు. ఊపిరి లెక్కపెట్టాను. కదలలేదు.

తర్వాత అతను నొక్కాడు. చాలా మెల్లగా.

రెండుసార్లు నొక్కాలనిపించింది. ఒక్కసారే నొక్కాను.