యూసుఫ్ సాబ్ సున్నపు తేట

మొన్న మా ఇంటికి సున్నం వేయించాం. పనివాళ్ళు తొట్టిలో రాళ్ళసున్నం వేసి నీళ్ళు పోయగానే బుసబుసా పొంగి, ఆ వేడి వాసన ముక్కుకు తగిలింది. అంతే, చేతిలోని చాయ్ చల్లారిపోయేదాకా అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. కోడలు "ఏమైంది అత్తమ్మా, కండ్లల్ల సున్నం పడ్డదా?" అంది. పడిందనే చెప్పాను. యూసుఫ్ సాబ్ గురించి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను!

ఆయన కరీంనగర్‌లో ఒక చిన్న దవాఖానాలో కాంపౌండరు. పుట్టిపెరిగిందీ ఆ ఊళ్ళోనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను అక్కడ నర్సుగా చేరాను. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనేవాళ్ళం. బాపు పోయాడు. అవ్వకూ ఇద్దరు తమ్ముళ్ళకూ నా జీతమే ఆధారం. మా దవాఖానాకు మందులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. కాలినవాళ్ళు మాత్రం రోజూ వచ్చేవారు, గంజి ఒలికి కొందరు, బెల్లం పాకం చింది కొందరు. వాళ్ళ కోసం యూసుఫ్ సాబ్ సున్నపు తేట, అంటే సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు, నువ్వుల నూనె కలిపి లేపనం చేసేవారు.

ఇందులో ఏముంది పెద్ద విద్య అనుకున్నాను. కల్వంలో నూనె పోసి, తేటనీళ్ళు ఒక్కసారే గుమ్మరించి గిరగిరా తిప్పాను. నూనె పైన, నీళ్ళు కింద, ఎదురుగా మొహం వేలాడేసుకుని నేను! ఆయన పకపకా నవ్వారు. "జర ఆగు బిడ్డా. నీళ్లు సుక్క సుక్క పొయ్యి. చెయ్యి ఒక్కతీరుగ తిప్పు. నూనెకు, నీళ్లకు అలవాటు కావాలె గద!" ఆయన తిప్పుతుంటే పచ్చటి నూనె తెల్లబడి, చిక్కబడి, కల్వం వంచినా జారని మెత్తటి ముద్దయ్యేది, అచ్చం వెన్నలాగా. నాకది పట్టుబడటానికి వారం పట్టింది. పట్టుబడిన రోజు దవాఖానా అంతా నాదే అన్నట్టు తిరిగాను.

ఆయనకొక అలవాటు. ఎన్నిసార్లు చేసినా ముందు తన ముంజేతి లోపల రాసుకుని, కాసేపు చూసి, ఆ తర్వాతే రోగికి పంపేవారు. "మీ చేతికేం రోగం సాబ్?" అని ఆటపట్టిస్తే, "మనకు మండకుంటెనే వాళ్లకు పెట్టాలె" అనేవారు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళారు. అంతలో ఎసరు ఒలికి పాదాలు రెండూ కాలిన ఒకామెను తెచ్చారు. లేపనం అయిపోయింది. అప్పుడే కలిపిన సున్నపు నీళ్ళు ఇంకా తేరుకోలేదు, పాలలా ఉన్నాయి. నూనెలో కలిస్తే ఎలాగూ తెలుపే కదా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ మడ్డినీళ్ళతోనే కలిపాను. ముద్ద భేషుగ్గా కుదిరింది. ఆ సంబరంలో చేతికి రాసి చూసుకోలేదు. పూయగానే ఆమె "ఓ అవ్వో, సస్తున్న!" అని కేకపెట్టింది. గబగబా కడుగుతుంటే డాక్టరు ఉరిమాడు. "ఎవరు కలిపిన్రు ఇది?"

నేను తల వంచుకుని కడుగుతూనే ఉన్నాను. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన యూసుఫ్ సాబ్ సున్నపు నీళ్ళ కుండ చూశారు, నా మొహం చూశారు. "నేనే సాబ్. పోయేముందు కలిపి పెట్టిన" అన్నారు.

ఆమె పాదాలు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆయన్ని ఆదిలాబాద్ అడవుల్లో ఒక దవాఖానాకు బదిలీ చేశారు. బస్సు దగ్గర ఏడుస్తూ, "నేనే అని డాక్టరుకు చెప్త సాబ్" అన్నాను. "నీ నౌకరి పోతె అవ్వ ఏం తింటది? నా ఫికర్ చెయ్యకు, పో" అన్నారు. పోయాను! తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తమ్ముళ్ళు స్థిరపడ్డాక, ఎనిమిదేళ్ళకు, అడవుల్లోని ఆ దవాఖానాను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన చనిపోయి ఏడాదైందట. కొత్త కాంపౌండరు లేపనం కలిపి, తన ముంజేతికి రాసుకుంటున్నాడు. ఎవరు నేర్పారని అడిగాను.

"పెద్దసాబ్ నేర్పిండమ్మా. కరీంనగర్‌ల ఆయన చేతుల ఒకసారి తప్పు జరిగిందట. ఒకామె కాళ్లు మండినయట. పాపం, గా ఊరంటే పానం ఆయనకు. కరీంనగర్ బస్సు వచ్చినప్పుడల్లా బయటికొచ్చి నిలబడుతుండె."

"ఆ తప్పు ఆయనది కాదు, నాది" అన్నాను. పరాయివాళ్ళ ముందు ఆ మాట నా నోట వచ్చింది అదే మొదటిసారి.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి నర్సుకూ ఆ సంగతి నా పేరుతోనే చెప్పాను. చెప్పినప్పుడల్లా, కరీంనగర్ బస్సు దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డ ఆ పెద్దమనిషే కళ్ళ ముందుకొస్తారు. ఆ బస్సెక్కడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.