పట్టుబడి రోజు తాగిన డ్రైవర్ కేసు

2024 చివర్లో జరిగిన సంగతి. భీమవరంలో వకీలుగా నా పని సగం చెరువుల చుట్టూనే తిరుగుతుంది. లీజు తగాదాలు, గట్టు తగాదాలు. ఒక ఉదయం రొయ్యల వ్యాను డ్రైవర్ శ్రీను, అతని వెనకే చెరువు రైతు రాజుగారు నా ఆఫీసుకొచ్చారు. శ్రీను అప్పటికి బెయిల్ మీద ఉన్నాడు.

రొయ్యల పట్టుబడి నాడు వల లాగినవాళ్లకు, సరుకు ఎత్తుకెళ్లే డ్రైవర్లకు రైతు మందు పోయించడం మా వైపు మామూలే. వద్దంటే రైతు చిన్నబుచ్చుకుంటాడు. అందుకని శ్రీనూ తాగాడు, తాగి వ్యాను తీశాడు. మలుపులో అది సూరమ్మగారి టీ కొట్టును గుద్దింది. ఆవిడ కాలు విరిగింది. పోలీసులు డ్రంక్ డ్రైవింగ్‌తో పాటు కల్పబుల్ హోమిసైడ్ అటెంప్ట్ కూడా పెట్టారు. అంటే ప్రాణం పోవచ్చని తెలిసీ ఆ పని చేశాడని. మొదటిదైతే జరిమానాతో బయటపడొచ్చు. రెండోది నిలబడితే ఏళ్లకేళ్లు జైలు. శ్రీనుకు ఇద్దరు చిన్నపిల్లలు.

"మా పాలేరొకడున్నాడండి మేడం గారూ. వాడు నడిపాడని చెప్పించేద్దామండి," అన్నారు రాజుగారు.

"అప్పుడు దొంగసాక్ష్యం కేసు కూడా పడుతుంది, మీ ముగ్గురికీ నేనొక్కదాన్నే సరిపోనండి," అన్నాను. ఒళ్లు మండింది. మందు పోసింది తానేనన్న బాధతో అంటున్నారని అర్థమయ్యాక కాస్త చల్లబడ్డాను.

"పోనీ, తాగలేదని చెప్పమంటారాండి?" అన్నాడు శ్రీను.

"నువ్వు ఊదిన మిషన్ చెప్పేసిందిగా. తాగానని ఒప్పుకో. చంపబోయానని మాత్రం ఒప్పుకోకు."

డిశ్చార్జ్ పిటిషన్ వేశాను. ఫలానా సెక్షన్‌కు ఆధారాల్లేవు, విచారణకు ముందే తీసెయ్యండని అడిగే అర్జీ అది. నాకు దొరికిన బలమల్లా సూరమ్మగారు పోలీసులకిచ్చిన వాంగ్మూలమే. "నన్ను చూడగానే బండిని పంటకాలవలోకి తిప్పేశాడండి. వెనక భాగం నా కొట్టుకి తగిలింది. ఆ అబ్బాయే నన్ను ఎత్తుకుని ఆటో ఎక్కించాడు." జడ్జిగారు పెద్ద సెక్షన్ తీసేశారు. మిగతావాటికి కింది కోర్టులో శ్రీను నేరం ఒప్పుకున్నాడు. జరిమానా పడింది, లైసెన్సు ఆరు నెలలు ఆగింది.

గెలిచానన్న సంబరంతో బయటికొచ్చాను. వరండాలో శ్రీను, కేసు సంగతి తెలుసుకోవడానికొచ్చిన సూరమ్మగారి కాళ్లకు దణ్ణం పెట్టబోతున్నాడు.

"కేసు తగ్గిందంట కదా బాబూ, మంచిదే," అందావిడ. "నా కాలు నెప్పి తగ్గలేదు మరి. పొద్దున్నే కొట్టుకి నీళ్లెవరు మోస్తారు?"

"నేను మోస్తానండి మామ్మగారూ."

కోర్టు వరండాల్లో ఇలాంటి మాటలు బోలెడు విన్నాను. నిజం చెప్పొద్దూ, నేను నమ్మలేదు.

ఈమధ్య ఆ దారిన పోతూ టీకి ఆగాను. సూరమ్మగారు చేతికర్ర పక్కన పెట్టుకుని పాలు కాస్తున్నారు. శ్రీను బిందెలు దించుతున్నాడు.

"లైసెన్సు వచ్చిందా?"

"ఆయ్, వచ్చి చాన్నాళ్లయిందండి. నీళ్లు పోసేసి బండెక్కుతానండి."

"ఇంకో ఆరు నెల్లు ఆపించాల్సిందమ్మా మీరు," అన్నారు సూరమ్మగారు. "గిన్నెలు కూడా తోమించేదాన్ని."

ముగ్గురం నవ్వుకున్నాం. నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

సెక్షన్ తగ్గించడం వరకే నా చేతిలో ఉందని ఆ కేసు నేర్పింది. ఇప్పుడు అలాంటి కేసు ముగిసినప్పుడల్లా, దెబ్బ తిన్నవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లిరమ్మని క్లయింటుకు చెబుతాను. కొందరు వెళ్లరు. వెళ్లినవాళ్లెవరూ మళ్లీ అదే కేసుతో నా దగ్గరికి రాలేదు.